బొటనవేలు లోపలే ఉండాలి: మెటల్ కొమ్ముల గుర్తు సరిగ్గా పట్టడం ఎలా

పిడికిలి బిగించండి. చూపుడువేలూ చిటికెన వేలూ మాత్రం నిటారుగా పైకి లేపండి. లోపల మిగిలిన మధ్యవేలినీ ఉంగరం వేలినీ బొటనవేలితో అడ్డంగా నొక్కిపట్టండి. హెవీ మెటల్ అనే హోరు రాక్ సంగీతం వినేవాళ్ళు చూపించుకునే కొమ్ములు వచ్చేశాయి. చేతి వరకూ పని ఇంతే. కానీ నెల్లూరు కాలేజీ ఫెస్టుల్లో, ఒంగోలులో పెళ్ళి ఊరేగింపుల్లో డీజే ముందు చిందులేసే పిలకాయల్లో, ఇన్‌స్టా ఫోటోల్లో, ఎక్కడ చూసినా ఈ గుర్తు కనిపిస్తోంది, సరిగ్గా పట్టేవాళ్ళు మాత్రం తక్కువ, అదెక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. నాకీ గుర్తంటే ప్రాణం. మెటల్ వినే మనుషులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేని ఊళ్ళో పెరిగినవాడికి, ఎక్కడో ముక్కూ మొహం తెలియనివాడు అదే గుర్తు చూపిస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే తెలిసిందంతా ఒకచోట రాస్తున్నా.

ముందు బొటనవేలి సంగతి తేల్చేద్దాం. ఎక్కువమంది బొటనవేలిని బయటికి చాపేస్తారు. అది కొమ్ముల గుర్తు కాదు. అమెరికాలో వినపడనివాళ్ళు వాడే సైగల భాషలో దానికి 'నిన్ను ప్రేమిస్తున్నాను' అని అర్థం. మంచి గుర్తే, అమ్మకో, ప్రేమించిన పిల్లకో చూపించుకోవచ్చు, గిటార్ రిఫ్‌కి, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్కకి, మాత్రం అది కాదు. ఈ గందరగోళంలో పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. కిస్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించిన జీన్ సిమన్స్ 2017 జూన్‌లో ఈ చేతి గుర్తుకి ట్రేడ్‌మార్క్ కావాలని అమెరికాలో దరఖాస్తు పెట్టాడు, 1974 నుంచీ వాడుతున్నానని అందులో చెప్పుకున్నాడు. దానికి జతచేసిన బొమ్మలో బొటనవేలు బయటికే ఉంది. ప్రపంచం మొత్తం గోలెత్తింది, కొద్ది రోజుల్లోనే దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తీసుకోవడమే మంచిదైంది. జనం చేతుల్లో ఉన్న గుర్తుని ఒక మనిషి పేరు మీద రాయించుకోవడమేంది అసలు?

ఇక వేళ్ళు. మొదటిసారి పట్టినవాళ్ళకి చిటికెన వేలు వంగిపోతుంది, సగమే లేస్తుంది, వణుకుతుంది. అది చేతకానితనం కాదు, చేతి కట్టుబడే అంత. మధ్యవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు మడవడానికి ముంజేతిలో లోపలి కండ చాలావరకూ ఉమ్మడిగా పనిచేస్తుంది, పైగా చేతి వెనకవైపు ఉంగరం వేలినీ చిటికెన వేలినీ లేపే స్నాయువుల (కండని ఎముకకి కట్టే తాళ్ళ) మధ్య అడ్డ బంధం ఉంటుంది. అందుకే రెండు వేళ్ళు గట్టిగా మడిస్తే మూడోది కూడా వాటితో పాటే పోతానంటుంది. బొటనవేలు అవసరమయ్యేది ఇక్కడే. మడిచిన రెండు వేళ్ళనీ వాటి బలంతో కాకుండా బొటనవేలి బలంతో ఆపాలి, అప్పుడు ముంజేయి వదులవుతుంది, చిటికెన వేలు తనంతట తాను లేస్తుంది. బొటనవేలు గోళ్ళ మీద కాకుండా రెండు వేళ్ళ మధ్య కణుపుల మీద ఆనాలి. బస్సులో కూర్చున్నప్పుడు, టీ కోసం ఎదురుచూస్తున్నప్పుడు, తొడ మీద చెయ్యి ఆనించి పట్టడం, వదలడం అలవాటు చేసుకోండి. కొన్నాళ్ళకి చూడకుండానే వచ్చేస్తుంది. ఎడమ చెయ్యి ఇంకొంచెం మొండికేస్తుంది, దానికీ నేర్పండి, ఎందుకో తర్వాత చెబుతా.

వేళ్ళు ఎంత నిటారుగా ఉండాలి అంటే, మన ఒంగోలు గిత్త కొమ్ముల్లా ఉండాలి. పొట్టిగా, మొదట్లో లావుగా, బిర్రుగా. గాలికి ఊగే వేళ్ళు వద్దు. గిత్త మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మన జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళాయి, అక్కడ వాటిని ఇప్పటికీ నెలోరె అనే పిలుస్తారు, ఆ దేశపు మాంసం పశువుల్లో ఎక్కువ భాగం వాటి సంతతే. అదే బ్రెజిల్‌లో, బెలో హొరిజాంచి ఊళ్ళో, 1984లో సెపుల్తూరా అనే మెటల్ బ్యాండ్ పుట్టింది. సెపుల్తూరా విన్నప్పుడల్లా నాకు ఇది గుర్తొచ్చి గర్వంగా ఉంటుంది. పెద్ద సంబంధమేమీ లేదు, తెలుసు, అయినా ఉంటుంది.

గుర్తు ఎక్కడిదో తెలిస్తే చెయ్యి దానంతటదే సరిగ్గా లేస్తుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. 1979లో బ్లాక్ సబ్బాత్ అనే మెటల్ బ్యాండ్ నుంచి పాటగాడు ఆజీ ఆస్బోర్న్ బయటికి వెళ్ళాక ఆ చోట్లోకి రానీ జేమ్స్ డియో వచ్చాడు. ఆజీ స్టేజీ మీద ఎప్పుడూ రెండు వేళ్ళతో శాంతి గుర్తు చూపించేవాడు, అది ఆయన సొంతం లాంటిది. జనం చేతులెత్తి అదే గుర్తు చూపిస్తుంటే, కొత్తగా వచ్చిన మనిషి దాన్నే వాడితే ఆజీని అనుకరించినట్టుంటుంది, ఏమీ చూపించకపోతే జనానికి దూరమైనట్టుంటుంది. డియోకి తన నానమ్మ గుర్తొచ్చింది. వాళ్ళది ఇటలీ నుంచి అమెరికా వచ్చిన కుటుంబం. వీధిలో ఎవరైనా చెడ్డ చూపు చూశారనిపిస్తే ఆ ముసలావిడ ఈ కొమ్ముల గుర్తు పెట్టేదట. దిష్టి తగలకుండా. అవతలివాళ్ళకి దిష్టి పెట్టడానికి కూడా అదే గుర్తు, పట్టే తీరులోనే తేడా. డియో దాన్ని రాత్రి తర్వాత రాత్రి జనానికి చూపించాడు, జనం తిరిగి చూపించారు, అలా అది మెటల్ గుర్తైపోయింది. దీన్ని నేనే కనిపెట్టానని ఆయన ఏనాడూ చెప్పుకోలేదు, అందుకే ఆయనంటే నాకు ఇంకా గౌరవం. 2010 మే 16న ఆయన పోయాడు.

మా అమ్మమ్మ ముందు ఈ గుర్తు పెట్టినప్పుడు ఆమె మొహం మాడ్చుకుంది. ఏందిరా ఆ వేళ్ళు, రౌడీల మాదిరి, అంది. నేను డియో నానమ్మ కథ చెప్పాను. మా అమ్మమ్మ ఎవరింట్లో చంటిబిడ్డ ఏడ్చినా ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ తిప్పి పొయ్యిలో వేసే మనిషి. మొత్తం విని, "అట్టా చెప్పు మరి, ఆ ముసలామె కూడా మన మాదిరే" అంది. ఆ తర్వాత మా ఇంట్లో దీని మీద గొడవ లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఇదే చెప్పండి, గుమ్మడికాయ కట్టిన గుమ్మం కింద, నిమ్మకాయ మిరపకాయలు వేలాడే షాపు ముందు నిలబడి చెబితే ఇంకా తొందరగా అర్థమవుతుంది.

అయితే సగమే చెప్పి తప్పించుకోకండి. డియో కంటే ముందే, 1969లో, కోవెన్ అనే అమెరికన్ బ్యాండ్ తమ మొదటి రికార్డు మీద ఈ గుర్తు వేసింది, స్టేజీ మీదా చూపించింది, వాళ్ళు పాడింది మంత్రగత్తెల గురించి, సైతాను గురించి. ఆ తర్వాత కూడా సైతాను పేరుతో ఈ గుర్తు వాడిన బ్యాండ్లు ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ కాలం నుంచీ నెల్లూరులో, ఒంగోలులో చర్చికి వెళ్ళే కుటుంబాలు ఎన్నో, నా స్నేహితుల్లోనే చాలామంది ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు అది సైతాను గుర్తు కదా అని అడిగితే, కానే కాదు అని కొట్టిపారేస్తే అది అబద్ధం అవుతుంది. కొందరు అలా వాడారు, నేను వాడేది డియో నేర్పిన అర్థంలో, అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అప్పటికీ వద్దంటే ఇంట్లో పెట్టకండి. చర్చిలో, గుడిలో, దర్గాలో, చావింట్లో ఎలాగూ పెట్టకూడదు.

మనవైపు ఇంకో చిక్కుంది. మద్రాసు దగ్గర కావడంతో నెల్లూరులో రజినీకాంత్ సినిమా చూడనివాడు లేడు, 2002లో వచ్చిన బాబా తర్వాత చూపుడువేలూ చిటికెన వేలూ లేపితే చాలు, ఏందబ్బయ్యా బాబా ముద్రా, అంటారు. ఆ ముద్రలో బొటనవేలు కొస మధ్యవేలు, ఉంగరం వేలు కొసలకి తగులుతుంది, అరచేతి లోపల ఖాళీ ఉంటుంది. కూచిపూడి నేర్చుకునే పిల్లలైతే అదే ఆకారాన్ని సింహముఖం అంటారు, అభినయ దర్పణంలో చెప్పిన ఒంటిచేతి హస్తాల్లో అదొకటి. బౌద్ధంలో కరణ ముద్ర అని ఉంది, అది మాత్రం దాదాపు మన కొమ్ములే, పనీ అదే, దుష్టశక్తుల్ని తరమడం. ఎవరైనా బాబా ముద్ర అంటే కోపం తెచ్చుకోవద్దు. చెయ్యి దగ్గరికి తీసుకెళ్ళి, బొటనవేలు కొసకి తగలడం వేరు, కణుపుల మీద నొక్కడం వేరు అని చూపించండి, చూస్తే వాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఎప్పుడు లేపాలి. నా మాట సూటిగా చెబుతా: పాట లేకుండా చెయ్యి లేపొద్దు. ఇది స్టేజీ మీద ఉన్నవాళ్ళకి మనం ఇచ్చే జవాబు, వాళ్ళు ఏమీ అనకముందే మనం జవాబిస్తే అర్థం లేదు. డ్రమ్మర్ కర్రలు కొట్టి నాలుగు లెక్కపెట్టేటప్పుడు చెయ్యి కిందే ఉండాలి. మొదటి రిఫ్ పడుతుంది చూడండి, గుండె మీద తగిలినట్టు, అప్పుడు. మోచెయ్యి చెవి దాటి పైకి పోవాలి, అరచెయ్యి స్టేజీ వైపు ఉంటే మంచిది, మన వైపు తిరిగినా తప్పు కాదు. తర్వాత తాళం. రెండు కాళ్ళతో వాయించే డబుల్ బేస్ డ్రమ్ము పరిగెడుతుంటే ఆ వేగానికి చెయ్యి ఊపాలని చూడకండి, ఎవరి వల్లా కాదు, టప్పుమని మోగే చిన్న డ్రమ్ము, స్నేర్, దాని దెబ్బ పడిన చోట మాత్రం ముందుకి విసరండి. డూమ్ లాంటి నెమ్మది మెటల్‌లో అసలు ఊపొద్దు, లేపి అలాగే ఉంచండి, గిటార్ మోత తగ్గేదాకా దించకండి. సోలో వచ్చినప్పుడు కూడా కదలకుండా పట్టుకోవాలి, గిటారిస్టు చివరి నోటు లాగుతున్నప్పుడు ఇంకొంచెం పైకి. నెమ్మదిగా సాగే బ్యాలడ్ పాటకి దించేయండి, కళ్ళు మూసుకుని వినండి. అన్నిటికంటే నాకిష్టమైన క్షణం, పాట మధ్యలో అన్నీ ఒక్కసారి ఆగిపోయి మళ్ళీ రిఫ్ పడే ముందు ఉండే ఆ చిన్న నిశ్శబ్దం. అందులో అందరి చేతులూ ముందే గాల్లో ఉంటాయి. ఎవరూ చెప్పరు, అందరికీ తెలుస్తుంది.

భుజం లాగేస్తుంది, గంటన్నర షో అంటే మాటలు కాదు. అందుకే ఎడమ చేతికి నేర్పమన్నది. మోచెయ్యి పూర్తిగా బిగించకుండా కొంచెం వదులుగా ఉంచండి, పాటకో చెయ్యి మార్చండి. రెండు చేతులూ ఒకేసారి లేపడం ఆఖరి పాటకి దాచుకోండి. వెనకాల పొట్టివాళ్ళుంటే వాళ్ళ మొహానికి అడ్డం రాకుండా చూసుకోండి. ఫోన్ పట్టుకున్న చేత్తో గుర్తు పెట్టడానికి కుస్తీ పడొద్దు, ఫోన్ జేబులో పెట్టండి.

సెల్ఫీలో పెట్టొచ్చా అని మావాళ్ళు అడుగుతుంటారు. నేనైతే పెట్టను. కెమెరాకి ఇచ్చే జవాబు ఏముంటుంది? గిగ్, అంటే బ్యాండ్ షో, అయ్యాక బ్యాండ్‌తో నిలబడి తీసుకునే ఫోటోలో సరే, అక్కడ అవతల మనిషి ఉన్నాడు. ఇద్దరి మధ్య నడిచినప్పుడే దీనికి విలువ. ఒకసారి ఒంగోలు ఆర్టీసీ బస్టాండులో సెపుల్తూరా టీషర్టు వేసుకుని కందుకూరు బస్సు కోసం నిలబడి ఉన్నా. టీకొట్టు దగ్గర హెల్మెట్ చంకలో పెట్టుకున్న నడివయసు మనిషి నా టీషర్టు చదివాడు, గ్లాసు ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి నడుము దాటనీయకుండా కొమ్ములు పెట్టాడు. బొటనవేలు లోపలే ఉంది. నేనూ అంతే ఎత్తులో చూపించా. మాటలేమీ లేవు, ఆయన టీ తాగేసి బండెక్కి వెళ్ళిపోయాడు. బయట, పాట లేని చోట, టీషర్టే పాట అనుకోవాలి, అప్పుడు మాత్రం ఇలా తక్కువ ఎత్తులో, చిన్నగా. ఎవరైనా చూపిస్తే తిరిగి చూపించకుండా పోవడం మాత్రం చాలా తప్పు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ లాంటి చోట్ల ఈ గుర్తుని మనిషి తల వెనకో, మనిషి వైపో పెడితే నీ పెళ్ళాం నిన్ను మోసం చేస్తోంది అని తిట్టినట్టు. 2002లో ఇటలీ ప్రధాని బెర్లుస్కోనీ యూరప్ మంత్రుల గ్రూప్ ఫోటోలో స్పెయిన్ మంత్రి తల వెనక ఇలా వేళ్ళు పెట్టి పెద్ద రచ్చ చేసుకున్నాడు. కాబట్టి అక్కడ స్టేజీ వైపు తప్ప ఎటూ చూపకండి. టెక్సస్‌లో ఎం.ఎస్. చేస్తున్న మనవాళ్ళకి అక్కడి జనమంతా మెటల్ వింటున్నారేమో అనిపిస్తుంది, అది ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళ గుర్తు, 1955 నుంచీ ఉంది, వాళ్ళ కొమ్ములు లాంగ్‌హార్న్ ఎద్దువి. 2005లో టెక్సస్ మనిషైన అధ్యక్షుడు బుష్ ప్రమాణస్వీకారం రోజు ఆయన కుటుంబం ఆ గుర్తు చూపిస్తే నార్వేలో కొంతమంది సైతాను గుర్తనుకుని ఉలిక్కిపడ్డారు.

గిగ్ ఎక్కడ చూడాలి? దక్షిణాదిలో మెటల్‌కి బెంగళూరే పెద్ద దిక్కు. పెద్ద మెటల్ బ్యాండ్లు, 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబర్ 30న మెటాలికా, అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే వాయించారు. మనకి రాత్రి బస్సు దూరం. చెన్నై అయితే ఇంకా దగ్గర, నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటల్లో దిగిపోవచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కొనుక్కోండి, మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, మెటల్ జీవితాంతం వినాలి కదా. జనం గుండ్రంగా పరిగెత్తే పిట్‌లోకి దిగితే కొమ్ములు దించేయండి, నిటారుగా ఉన్న వేళ్ళు పక్కవాడి కంట్లో గుచ్చుకుంటాయి, అక్కడ చేతులు ఛాతీ ముందు ఉండాలి. ఎవరైనా కింద పడితే అన్నీ వదిలేసి ముందు లేపాలి. ఇందులో బేరం లేదు.

మన ఊళ్ళో కాలేజీ ఫెస్టులో నలుగురు కుర్రాళ్ళు అప్పు తెచ్చిన ఆంప్లిఫయర్లతో ఒక మెటల్ పాట ఎత్తుకుంటే మాత్రం పద్ధతి కొంచెం మారుతుంది. అక్కడ సినిమా పాట వెయ్యండ్రా అని వెనక నుంచి కేకలు వినిపిస్తుంటాయి, కుర్చీల్లో ఎవరూ లేవరు, పాడేవాడికి టెన్షన్‌తో గొంతు పొడిబారిపోయి ఉంటుంది. అప్పుడు మొదటి రిఫ్ దాకా ఆగొద్దు. వాళ్ళు వైర్లు సర్దుకుంటున్నప్పుడే స్టేజీ దగ్గరికి వెళ్ళి, పాడేవాడి కళ్ళకి ఎదురుగా నిలబడి చెయ్యి లేపండి, పాట అయ్యేదాకా దించకండి, శ్రుతి తప్పినా దించకండి. అయ్యాక డ్రమ్మర్ దగ్గరికి వెళ్ళి ఏ ముక్క బాగుందో చెప్పండి. బాగుంది అని ఊరికే అనొద్దు, ఫలానా చోట ఆపి మళ్ళీ అందుకున్నావే అది, అని చెప్పండి. తర్వాత ప్రాక్టీస్ ఎక్కడ చేస్తున్నారో అడగండి.